గాజు తలుపు మీది పేరు

మా ఆయన ఆఫీసు ఫ్రీమాంట్‌లో ఒక స్ట్రిప్ మాల్‌లో ఉండేది. ఆ ఆఫీసు ఇప్పటికీ అక్కడే ఉంది. ఒక పక్క పళ్ళ డాక్టరు, ఇంకో పక్క ఇండియన్ గ్రోసరీ, మధ్యలో మా గాజు తలుపు. దాని మీద తెల్ల అక్షరాలతో ఆయన పేరు, దాని కింద అకౌంటెన్సీ కార్పొరేషన్ అన్న మాటలు ఉండేవి. ఆయన చనిపోయాక ఆ పేరు అక్కడ ఉండాలా, తీసేయాలా అన్నది నేను తేల్చవలసి వచ్చింది. ఆ నెలల గురించి రాస్తున్నాను. పేరు మాత్రం ఇక్కడ రాయడం లేదు. చదివేవాళ్ళకు దానితో పని లేదు.

అది ఆయన ఇంటిపేరు కాదు, పెట్టిన పేరు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనక పడ్డాయి. మనం రాసుకునే వరస అదే కాబట్టి అప్పుడు ఎవరికీ తప్పు అనిపించలేదు. ఇక్కడికి వచ్చాక వెనక ఉన్నదాన్నే ఇంటిపేరుగా తీసుకున్నారు. అలా వాళ్ళమ్మ పెట్టిన పేరు, చిన్నప్పుడు వీధి చివర నుంచి అందరూ కేకేసిన పేరు, డ్రైవింగ్ లైసెన్స్‌లోనూ అకౌంటెంట్లకిచ్చే సీపీఏ లైసెన్స్‌లోనూ ఆయన వంశం పేరైపోయింది. మా అమ్మాయికి కూడా అదే చివరి పేరు.

సొంతంగా ఆఫీసు పెట్టేటప్పుడు ఆయన అసలు ఇంటిపేరే పెట్టాలనుకున్నారు. రాష్ట్రం ఒప్పుకోలేదు, కుదరదని ఉత్తరం పంపింది. అకౌంటెన్సీ కార్పొరేషన్ పేరులో వాటాదారు చివరి పేరు ఉండాలి అన్నారు. ఆ వాటాదారు ఇప్పుడున్నవాడు కావచ్చు, రాబోయేవాడు కావచ్చు, ఒకప్పుడు ఉన్నవాడైనా కావచ్చు. లోపల ఎవరున్నారన్న విషయంలో జనాన్ని తప్పుదారి పట్టించే మాట ఏదీ ఉండకూడదు. ఆయన ఇంకో కోరిక కూడా కోరారు, పేరు చివర అండ్ అసోసియేట్స్ అని పెట్టుకోవాలని. అదీ కుదరలేదు. లైసెన్స్ ఉన్నవాడు ఒక్కడే ఉన్నచోట ఆ మాట వాడకూడదట.

"నేను లేనా?" అన్నాను.

"నీకు లైసెన్స్ లేదుగా. నిన్ను చూపించి అసోసియేట్స్ అంటే కాలిఫోర్నియా ప్రజల్ని మోసం చేసినట్టట," అన్నారు.

ఆ ఉత్తరం సంగతి ఆయన చాలాకాలం ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వించేవారు. మా ఇంటిపేరు సముద్రం దాటలేదని అనేవారు.

లైసెన్స్ లేకపోయినా ముందు గదిలో బల్ల దగ్గర కూర్చున్నది నేనే. ఫోన్లు ఎత్తడం, అపాయింట్‌మెంట్లు ఇవ్వడం, వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చి కూర్చోబెట్టడం నా పని. ఫోన్ ఎత్తితే ఎవరైనా సంస్థ పేరు చెబుతారు. నేను ఒక్కసారి కూడా చెప్పలేదు. "సీపీఏ ఆఫీస్," అనేదాన్ని. ఎవరైనా ఏ సీపీఏ అని అడిగితే అక్షరం అక్షరం చెప్పేదాన్ని. విదేశీ పేరు కదా, నేను సాయం చేస్తున్నాననుకుని వాళ్ళు థాంక్స్ చెప్పేవారు.

మా అమ్మ మా నాన్నగారి పేరు పలకగా నేను వినలేదు. మేం కోస్తా వైపు క్రైస్తవులం. భర్త పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందన్న మాట మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. అవన్నీ అన్యుల నమ్మకాలని మా అమ్మే అనేది. అయినా చర్చిలో ప్రార్థన విన్నపాలు చెప్పేటప్పుడు ఆమె "మా ఇంటాయన కోసం" అనేది. నేనూ అంతే. చదువుకున్నాను, చాలా చదివాను, ఇందులో అర్థం లేదని నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఆయన పేరు పెట్టి పిలవమన్నారు కూడా. ఒకటి రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాను. తర్వాత ఆయనా వదిలేశారు. ఎప్పుడైనా బయట నుంచి తన సెల్‌తో ఆఫీసుకు ఫోన్ చేసి, గొంతు మార్చి, "ఇది ఎవరి ఆఫీసండీ?" అనేవారు.

"మీదే. వచ్చేటప్పుడు కొత్తిమీర తీసుకురండి," అని పెట్టేసేదాన్ని.

అకౌంటెంట్ల ఇళ్ళలో ఏడాదికి రెండు పన్ను గడువులు ఉంటాయి, ఏప్రిల్‌లో ఒకటి, గడువు పొడిగించుకున్నవాళ్ళ కోసం అక్టోబర్‌లో ఇంకొకటి. పెళ్ళిళ్ళు, ప్రయాణాలు, పళ్ళు పీకించుకోవడం, అన్నీ వాటి తర్వాతే. ఆ వేసవి అంతా ఆయన దగ్గారు. స్కాన్ చేయించుకోమని డాక్టరు చెప్పింది. అక్టోబర్ గడువు కానివ్వండి అన్నారు ఆయన, నేనూ సరే అన్నాను, ఆఫీసులో ఇంకెవరూ వేరేలా అనలేదు. మా పని అలా నేర్పింది. గడువు అయింది. స్కాన్ అయింది. నవంబరు చివర వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ కంటే ముందే ఆయన పోయారు. హాస్పిటల్‌లో ప్రతి నర్సూ మందు ఇచ్చే ముందు పేషెంట్ పేరు చెప్పమనేది. ఆయన చెప్పగలిగినన్నాళ్ళు ఆయనే చెప్పుకున్నారు. తర్వాత నేను ఆయన మణికట్టుకున్న పట్టీ తిప్పి చూపించేదాన్ని. తెలుగు చర్చి పాస్టరుగారు సమాధి దగ్గర ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనక చదివారు. ఆ వరసలో ఆ పేరు వినడం చాలా ఏళ్ళ తర్వాత అదే మొదటిసారి.

ఆఫీసులో లైసెన్స్ ఉన్న ఇంకొక మనిషి ఒక వరంగల్ అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గానీ ఆమెకు ఇద్దరు పిల్లలు. భర్త వీసా మీద వచ్చి, పని చేసే అనుమతి వచ్చాక మా దగ్గర చేరి, ఇక్కడే పరీక్షలు రాసి సీపీఏ అయింది. ఆయన్ను సర్ అనేది, నన్ను ఆంటీ అంటుంది. ఆయన ఆమెకు చిన్న వాటా ఇచ్చి సంస్థలోకి తీసుకున్నారు. ఇక అసోసియేట్స్ అని పెట్టుకోవచ్చుగా అని నేను గుర్తు చేస్తే, ఏప్రిల్ అయ్యాక చూద్దాం అన్నారు.

రూలు ప్రకారం చనిపోయిన వాటాదారు వాటాలు ఆరు నెలల్లో లైసెన్స్ ఉన్నవాళ్ళకు పోవాలి. భార్య ఉంచుకోవడానికి లేదు. ఆమె కొనడానికి సిద్ధంగానే ఉంది, ధర గురించి ఎవరికీ పేచీ లేదు. డిసెంబరులో ఒక మధ్యాహ్నం నా బల్ల ఎదుట కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తలుపు మీది పేరు సంగతి ఎత్తింది. తన పేరు పెట్టుకోవాలని ఉందని సూటిగా అనలేదు. మీరెట్లంటే అట్ల ఆంటీ, అంది. ఆమెకు ఏం కావాలో నాకు అర్థమైంది. ఆలోచించి చెబుతానన్నాను.

ఆ రాత్రుళ్ళు నిద్ర పట్టకపోతే పుస్తకాలు చదవలేకపోయాను. కథల్లో ఎవరికి ఏమైనా నాకు పట్టలేదు. రాష్ట్రం రూల్స్ చదివాను. వాటిలో ఒక్క మాట కూడా ఎక్కువ ఉండదు, అది నాకు నచ్చింది. రూలు ఏదో ఒకటి తేల్చేస్తుందని ఆశపడ్డాను. పేరు తీసేయాల్సిందే అంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఉంచాల్సిందే అంటే ఊపిరి పీల్చుకునేదాన్ని. రెండూ అనలేదు. ఒకప్పటి వాటాదారు పేరు ఉండవచ్చు అన్నది, అంతే. చనిపోయినవాడు ఒకప్పటి వాటాదారు. ఉండవచ్చు అంటే బతికున్నవాళ్ళు తేల్చుకోవాలి అని.

లాయర్‌ని అడిగాను, పేరు మార్చకూడదని అమ్మకం కాగితంలో షరతు రాయించుకోవచ్చా అని. రాయించుకోవచ్చన్నాడు. అలాగే రాయమన్నాను. మా అమ్మాయి చికాగో నుంచి ఫోన్ చేసినప్పుడు చెప్పాను.

"అమ్మా, నాన్న పేరు నా పేరులో ఉంది కదా. డోర్ మీద ఎందుకు?" అంది. దానిది అమెరికా స్కూల్లో పెరిగిన తెలుగు, చుట్టూ తిప్పి మాట్లాడటం రాదు.

నీది వేరు, ఇది ఆయన కష్టపడి కట్టుకున్నది అన్నాను. ఓకే, నీ ఇష్టం అంది.

వరంగల్ అమ్మాయికి షరతు సంగతి చెప్పినప్పుడు ఆమె తల ఊపింది. సరే ఆంటీ అంది. అప్పుడే పన్నుల సీజన్ మొదలైంది. ఖాతాదారులందరికీ ఆయన పోయిన సంగతి ఉత్తరాలు వేశాం, ఈమెయిల్స్ పంపాం. కొంతమంది పూలు పంపారు. కొంతమంది వేరే చోటికి వెళ్ళిపోయారు. చాలామంది చదవలేదు. ఫోన్ చేసి ఆయన్ను అడిగేవారు. నేను చెప్పేదాన్ని. అయ్యో అనేవారు, తర్వాత మా ఫైల్ ఎవరు చూస్తారు అనేవారు. వాళ్ళ తప్పు కాదు.

మార్చిలో ఒక ఉదయం నేను పోస్టాఫీసుకు వెళ్ళి వచ్చేసరికి ముందు గదిలో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. సోఫాలకు గుడ్డ వేసే షాపు నడిపిన అమెరికన్. మా ఆఫీసు పుట్టినప్పటి నుంచి వచ్చే మనిషి. ఏటా ఒకసారి వచ్చి మా ఆయనతో పని కంటే బేస్‌బాల్ ఎక్కువ మాట్లాడి వెళ్ళేవాడు. కోటు వేసుకుని, కాగితాల కవరు మోకాళ్ళ మీద పెట్టుకుని, లోపలి గది తలుపు వైపు చూస్తున్నాడు. ఆ తలుపు మూసి ఉంది. వరంగల్ అమ్మాయి లోపల ఫోన్ మీద ఉంది. ఆయనకు అది తెలియదు. పలకరించాను. చాలాసేపయిందా అంటే, పర్లేదు, ఆయన కాల్‌లో ఉన్నట్టున్నాడు, తొందరేం లేదు అన్నాడు.

ఎవరి గురించి అంటున్నాడో నాకు వెంటనే తట్టలేదు. తట్టాక ఆయన పక్క కుర్చీలో కూర్చుని చెప్పాను. నవంబరులో అన్నాను. ఉత్తరం వేశామన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. గాజు తలుపు వైపు చూశాడు. లోపలి నుంచి చూస్తే అక్షరాలు తిరగబడి ఉంటాయి.

"తలుపు మీద పేరుంది. పేరుంటే మనిషి ఉన్నాడనే కదా అనుకుంటారు," అన్నాడు.

"రూల్స్ ప్రకారం ఉంచవచ్చు," అన్నాను.

"నేను రూల్స్ అడగలేదమ్మా."

కాసేపటికి తన సంగతి చెప్పాడు. భార్య జూలైలో పోయింది. ఇంట్లో కాగితాలన్నీ ఆమే చూసేది, ఉత్తరాలు విప్పేదీ ఆమే. అందుకే మా ఉత్తరం ఎక్కడో పడి ఉంటుంది. ఈ ఏడు మొదటిసారి ఒంటరి మనిషిగా పన్ను రిటర్న్ వేయాలి కదా, ఆ సంగతి మా ఆయనకు చెబుదామని వచ్చాడు. ఎలా మొదలుపెట్టాలా అని ఇంతసేపూ ఇక్కడ కూర్చుని అనుకుంటున్నాడట. అది చెప్పి కవరు పైకి తీసి మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు.

వరంగల్ అమ్మాయి ఫోన్ ముగించి బయటికి వచ్చింది. విని, ఆయన ఎదుట నేల మీద గొంతుక్కూర్చుంది, పిల్లలతో మాట్లాడేటప్పుడు కూర్చున్నట్టు. ఈ ఏడు ఒంటరిగా వేయక్కర్లేదని చెప్పింది. మనిషి పోయిన సంవత్సరానికి ఇద్దరి పేర్ల మీదా కలిపే వేయవచ్చు. వచ్చే ఏటి నుంచి మారుతుంది.

"అయితే ఇదే ఆఖరుసారి," అన్నాడు ముసలాయన.

"అవును," అంది. ఆయన కవరు ఆమె చేతికిచ్చాడు.

ఆ రిటర్న్ సంగతి నాకు తెలియనిది కాదు. మాదీ అంతే. నవంబరులో పోయారు కాబట్టి ఆ ఏడాదికి మేమిద్దరం కలిసే ఉన్నాం. మా ఫైల్ కూడా ఆమే చేస్తోంది. కానీ అంతవరకూ నేను దాన్ని పనిగా చూశాను.

ముసలాయన వెళ్ళాక ఆమెను అడిగాను, ఈ పేరుతో నీకు కష్టంగా ఉందా, నిజం చెప్పమ్మా అని. మైక్రోవేవ్‌లో టీ వేడి చేసుకుని వచ్చి, నా బల్ల అంచు మీద కప్పు పెట్టి, అప్పుడు చెప్పింది.

"ఆంటీ, పేరు నాకు బరువు కాదు. సర్ పేరు లేకపోతే నాకు ఈ దేశంలో ఎవరు పని ఇస్తుండె? గానీ ఒకటి చెప్త, ఏమనుకోవద్దు. ఆ పేరు కింద నేను సంతకం పెట్టినప్పుడల్లా సర్ చూసి ఓకే అన్నట్టు ఉంటది. చూసేటోళ్ళకు అట్లనే కనపడతది. చూసింది నేనొక్కదాన్నే కదా. రేపు నాతోని తప్పైతే, ఆ తప్పు సర్ పేరు మీద పడతది. సర్ చెయ్యని తప్పు. అది నాకు భయం."

"నువ్వు తప్పు చెయ్యవు," అన్నాను.

"అందరం చేస్తం ఆంటీ. సర్ ఉంటే దిద్దుకునేటోడు. ఇప్పుడు ఎట్ల దిద్దుకుంటడు?"

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి బియ్యం కడిగి, కుక్కర్ పెట్టడం మరిచిపోయి కూర్చున్నాను. ఆయన తప్పులంటే భయపడే మనిషి. ఒక రిటర్న్ పంపేశాక కూడా, దారిలో కారు పక్కకు ఆపి, ఆమెకు ఫోన్ చేసి, ఆ ఒక్క లైన్ మళ్ళీ చూడమ్మా అనేవారు. నేను ఆయన పేరును తలుపు మీద కాపాడుతున్నాననుకున్నాను. నిజానికి ఆయన చూడలేని పనికి దాన్ని పూచీ పెడుతున్నాను. రూల్‌లో ఉన్న మాట, తప్పుదారి పట్టించడం అన్నది, నేను అసోసియేట్స్ విషయంలో నవ్వుకున్న మాటే. ఇప్పుడు నవ్వు రాలేదు.

మరునాడు లాయర్‌కు ఫోన్ చేసి షరతు తీసేయమన్నాను. అతను కారణం అడగలేదు. ఆమెకు మాత్రం ఏప్రిల్ గడువు అయ్యేదాకా చెప్పలేదు. సీజన్ మధ్యలో ఏదీ చెప్పకూడదు, అది ఆయన పద్ధతి. గడువు అయిన మర్నాడు చెప్పాను. ఆమె నా చేయి పట్టుకుంది. ఆంటీ, ఇంకోసారి ఆలోచించండి అంది. ఆలోచించానన్నాను. నువ్వు నీ పేరు పెట్టుకో, నీ తప్పులు నీకు, ఆయనవి ఆయనకు అన్నాను. ఆమె నవ్వబోయి ఏడ్చింది.

మే నెలలో సంతకాలు అయ్యాయి. రాష్ట్రం నుంచి కొత్త పేరుకు అనుమతి వచ్చింది. ఈసారి కుదరదన్న ఉత్తరం రాలేదు. ఆమె పాస్‌పోర్ట్‌లో చివర ఉన్నది భర్త ఇంటిపేరే, వరస కుదిరింది. బోర్డులు వేసే అతను ఒక బుధవారం పొద్దున వచ్చాడు. వేడి గాలి మెషీన్‌తో గాజును వేడి చేసి, పలుచని రేకు బ్లేడుతో ఒక్కో అక్షరాన్నీ గీకాడు. కొన్ని అక్షరాలు ముక్కలుగా వచ్చాయి, కొన్ని ఊడిరాక జిగురై మిగిలాయి. దాన్ని ఏదో ద్రవంతో తుడిచాడు. చుట్టూ గాజు ఎండకు కొంచెం మసకబారి ఉంది కాబట్టి, అక్షరాలున్న చోట శుభ్రంగా, వాటి ఆకారంలోనే కనబడింది. అది పోవడానికి కొన్నాళ్ళు పడుతుందన్నాడు. అకౌంటెన్సీ కార్పొరేషన్ అన్న మాటలు ఉంచాడు. పైన ఆమె పేరు అంటించాడు. నేను బల్ల దగ్గరే కూర్చుని చూశాను. ఆమె లోపలి గదిలోంచి బయటికి రాలేదు.

అతను వెళ్ళాక మొదటి ఫోన్ వచ్చింది. ఎత్తి, కొత్త పేరు చెప్పి, అకౌంటెన్సీ కార్పొరేషన్ అన్నాను. సంస్థ పేరు మొత్తం ఫోన్‌లో చెప్పడం నాకు అదే మొదలు. ఏ అడ్డూ లేకుండా వచ్చింది. ఎవరి పేరో కదా.

అవతలి మనిషి సారీ, రాంగ్ నంబర్ అని పెట్టేశాడు. వెంటనే మళ్ళీ మోగింది. మళ్ళీ అతనే.

"నేను నా పాత సీపీఏ కోసం చేస్తున్నాను. ఇది ఎవరి ఆఫీసు?" అన్నాడు.

ఇదే ఆఫీసు, పేరు మారింది అన్నాను. ఇంతకుముందు ఏ పేరు అని అడిగాడు. అలవాటుగా అక్షరాలు మొదలుపెట్టాను. లైన్ సరిగా లేదు, అతనికి వినబడలేదు. తలుపు వైపు చూశాను. చూపించడానికి అక్కడ ఏమీ లేదు.

ఆయన పేరు చెప్పాను. మొత్తం చెప్పాను. ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనక. నా గొంతు నాకు వేరేవాళ్ళ గొంతులా వినబడింది.

"అవును, ఆయనే," అన్నాడు అతను తేలికపడినట్టుగా. "ఒకసారి ఫోన్ ఆయనకిస్తారా?"

చనిపోయారని చెప్పాను.